పట్టుపూత

ఆ ఏడు విశాఖపట్నంలో వానలు ముందే దిగాయి. మద్దిలపాలెంలో బండ్లు నిలిపే పెద్ద వాహనశాలలో పొద్దుటి రద్దీ మొదలైంది. తడిసిన టైర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మూడో అంతస్తులో ఎవరిదో పాత బండి నుంచి నూనె బొట్లుబొట్లుగా పడి నీళ్లలో రంగురంగుల తెట్టు కడుతోంది. ఆ నీళ్లమీదా నూనెమీదా బడిపిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడుతున్నారు. వాళ్ల తల్లులెవరూ వెనకనుంచి కేకలేయడం లేదు. 2079 వచ్చేసరికి, జాగ్రత్త, జారిపడతావ్ అనే మాట తల్లుల నోట మాయమైపోయింది. ఊళ్లో ఎముకల డాక్టర్లు కొందరు వేరే విద్య నేర్చుకోవలసి వచ్చింది. జారడమంటే ఏమిటో తెలియని తరమొకటి ఏటవాలు ర్యాంపుల మీద దూకుతూ పెరుగుతోంది.

ఆ పిల్లల్ని తప్పించుకుంటూ డాక్టర్ మజ్జి హంసవేణి తన బండి దగ్గరికి నడిచింది. ఆ పిల్లల కాళ్ల కిందున్న నేల ఆమె కనిపెట్టినదే. అయినా ఎవరూ ఆమెని గుర్తుపట్టలేదు. నేలని కనిపెట్టిన మనిషి మొహం ఎవరు చూస్తారు?

కాంక్రీటు చూడ్డానికి రాయిలా ఉంటుంది గాని, లోపలంతా కంటికి ఆనని రంధ్రాలే. కిందనుంచి చెమ్మని పీలుస్తుంది, పైనుంచి నూనెని తాగుతుంది. వెనకటి రోజుల్లో దానిమీద ఎపాక్సీ, పాలీయురియా లాంటి ప్లాస్టిక్ పూతలు వేసేవారు. కొన్నాళ్లు మెరిసేది. తర్వాత వేడి టైరుకి అతుక్కుని పొరలుగా లేచిపోయేది, లేకపోతే కింది చెమ్మకి బుడగలు కట్టి పెళుసుబారేది. హంసవేణి తయారుచేసిన పట్టుపూత అలాంటిది కాదు. అది కాంక్రీటు రంధ్రాల్లోకి వేళ్లు దించుకుంటుంది. చెమ్మ వస్తే దాన్నే తాగి గట్టిపడుతుంది. పైభాగంలో పాలిమర్‌తో చేసిన కోట్లాది సూక్ష్మకేశాలుంటాయి. సన్నని విద్యుత్తు తగిలితే అవి నిక్కబొడుచుకుని లేస్తాయి. అప్పుడు నేల చెప్పుని, టైరుని, చంటిపిల్లవాడి అరికాలుని ఒకేలా పట్టుకుంటుంది. విద్యుత్తు ఆగితే కేశాలు పడుకుంటాయి, నేల అద్దంలా నున్ననవుతుంది. గిడ్డంగుల్లో బరువైన పెట్టె జరపాలంటే పెట్టె కింద మేర నున్నగా, తోసే మనిషి పాదాల కింద గరుకుగా ఉండేలా అదే చూసుకుంటుంది.

ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో నిర్ణయించేది మేదిని. పూతలో అల్లిన స్పర్శతంతువుల ద్వారా ప్రతి అడుగునీ తెలుసుకునే యంత్రమేధ అది. ఏ ఇద్దరి నడకా ఒకేలా ఉండదు. బరువు, మడమ ఆనే తీరు, వేళ్లు లేచే వేగం కలిసి ఒక్కొక్కరికీ ఒక్కో నడకముద్ర. మేదిని ఆ ముద్రని బట్టి మనిషిని గుర్తుపట్టి, ముసలివాళ్లకి కాస్త ముందుగా, పరిగెత్తేవాళ్లకి కాస్త గట్టిగా పట్టునిచ్చేది. మొదట గ్యారేజీలూ లారీ షెడ్లూ, ఆ తర్వాత వంటశాలలూ ఆసుపత్రులూ రైల్వే ప్లాట్‌ఫారాలూ, చివరికి ఇళ్లు. ఊరంతా ఒకే నేలయింది.

దాంతో చట్టం కూడా మారింది. పట్టుపూత మీద ఎవరైనా పడితే తప్పు నేలది కాదు, పడ్డవాడిదేనని తేల్చేశారు. తాగుంటాడు, లేదా ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా నడిచుంటాడు. వేరే కారణం ఉండే వీలే లేదు.

ఆ చట్టం వచ్చిన రోజున హంసవేణి ఇంట్లో పాయసం వండుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆమెకో తమ్ముడుండేవాడు. సన్యాసిరావు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే, అక్కాతమ్ముళ్లిద్దరినీ అనకాపల్లిలో పిన్ని గురవమ్మ పెంచింది. అక్క రసాయనశాస్త్రం చదువుతానని విశాఖ వచ్చింది. తమ్ముడు త్రినేత్ర రవాణా సంస్థవారి లారీ షెడ్డులో మెకానిక్కుగా చేరాడు. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు, నవ్వితే ఎడమ చెంప సొట్టపడేది.

సంస్థవారు కొత్త షెడ్డు కట్టారు. కాంక్రీటు పోసి ఎన్నాళ్లో కాలేదు. దానిమీద నల్లగా మెరిసే పూత వేయాలన్నారు. ఆ సంగతి ఫోన్లో విన్నప్పుడు, కాంక్రీటు ఆరిందో లేదో చూసే ఉపాయం ఒకటి అక్కే చెప్పింది. ప్లాస్టిక్ కవరు ముక్క నేలకి పరిచి నాలుగువైపులా టేపుతో అంటించి, ఒక రోజు వదిలేయమంది. మర్నాడు వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, కవర్ కింద నీటిబొట్లు కట్టీసినాయే. నేల ఇంకా తడిగానే ఉంది. మేనేజర్ గారికి సూపించినాను."

"ఏమన్నాడు?"

"ఏటంటాడు? కవర్ పీకి అవతల పారీసినాడు. మంత్రి గారు వొచ్చే రోజు ఖాయమైపోనాదట. నీ పని నువ్వు సూసుకో అన్నాడు."

ఆ మేనేజరు పేరు తారకేశ్వర్. పూత వేయించాడు. మంత్రి వచ్చాడు, ఫొటోలు దిగాడు, వెళ్లాడు. వానాకాలం రాగానే పూత కింద బుడగలు లేచాయి. ఒకరోజు సన్యాసిరావు లోడు లారీకి జాకీ వేసి కింద దూరాడు. జాకీ ఆన్చిన చోట పూత పెచ్చులా ఊడి జాకీతో సహా జారింది. లారీ వాడి నడుంమీద కూర్చుంది.

వాడు వెంటనే పోలేదు. ఆసుపత్రిలో కొన్ని వారాలున్నాడు. విచారణకి వచ్చినవాళ్లు మంచం పక్కనే కుర్చీలేసుకుని అడిగారు. జాకీ సరిగ్గా వేయలేదని, నేలమీద నూనె ఒలకబోశాడని తారకేశ్వర్ అప్పటికే చెప్పేశాడు. ఊడిన పూతని రాత్రికి రాత్రే గీకించి, కొత్తది వేయించేశాడు.

"నా తప్పేటీ లేదు సార్, నేలే నన్ను వొదిలేసింది" అన్నాడు సన్యాసిరావు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కార్మికుని స్వీయ నిర్లక్ష్యం అని తేల్చారు. ఆ మాట విన్న నాలుగో రోజున వాడు పోయాడు.

హంసవేణి ఏడవలేదు. పిన్ని గుండెలు బాదుకుంటుంటే గోడకి ఆనుకుని నిలబడి, ఆ గదిలోని నేలవైపే చూస్తూ ఉండిపోయింది. ఎవరూ అబద్ధమాడించలేని నేల ఒకటి చేయాలని ఆ రోజే అనుకుంది. పదేళ్లు పట్టింది, ఊరంతా పరవడానికి ఇంకో పదేళ్లు. లోకమంతా దాన్ని కరుణతో చేసిన పని అంది. సన్మానాల్లో శాలువాలు కప్పేటప్పుడు ఆమె తల వంచి నమస్కరించేది. ఎదురుగా ఉన్నవాళ్లలో ఆమె వెతికే మొహం ఒకటే.

తారకేశ్వర్ ఆ ఇరవై ఏళ్లలో మెట్టుమెట్టుగా ఎక్కాడు. ఇప్పుడు ఉపరితల భద్రతా మండలికి అధ్యక్షుడు. నేలల భద్రతకి అతనే పెద్ద. ఒకటి రెండుసార్లు హంసవేణి ప్రయోగశాలకి కూడా వచ్చాడు. పట్టుపూతని మెచ్చుకుంటూ, మీలాంటి పిల్లలు మన ప్రాంతానికి గర్వకారణమమ్మా అన్నాడు. మజ్జి అనే ఇంటిపేరు అతనికి ఏమీ గుర్తు చేయలేదు. అతను హాల్లో అటూ ఇటూ నడుస్తుంటే మేదిని అతని నడకముద్రని తీసుకుంది.

ఆ వానాకాలంలోనే పరిశోధనా కేంద్రం కొత్త వాహనశాల సిద్ధమైంది. ప్రారంభించడానికి తారకేశ్వర్ వస్తున్నాడని కబురొచ్చింది. ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం హంసవేణి ఒక్కతే ఆ ఖాళీ వాహనశాలకి వెళ్లింది. ర్యాంపు పైచివర నిలబడి చెవిలోని మాటపరికరాన్ని తట్టింది.

"మేదినీ."

"చెప్పండి, హంసవేణి గారూ." ఆ గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. అతి దగ్గరగా, నెమ్మదిగా ఉంటుంది.

"తారకేశ్వర్ నడకముద్ర నీ దగ్గరుందా?"

"ఉంది. ఎడమ మడమ కాస్త ఆలస్యంగా ఆనిస్తారు."

"రేపు ఆ అడుగు ఈ ర్యాంపు మీద పడ్డప్పుడు వదిలెయ్."



"వదిలేస్తే ఆయన పడిపోతారు."

"అవును."

"ఎవరూ పడకుండా చూడమని కదా నన్ను చేశారు."

"నిన్నెందుకు చేశానో నాకు తెలుసు."

"ఇది పరీక్షా?"

"కాదు. ఆజ్ఞ."

"ఈ ర్యాంపు వరకేనా?"

హంసవేణి అంతదూరం ఆలోచించి రాలేదు. ఆ ప్రశ్న వినగానే ఆమె ఒళ్లంతా వెచ్చబడింది. ఇరవై ఏళ్లుగా లోపల ముడుచుకున్నదేదో ఒక్కసారిగా కాళ్లు చాపుకున్నట్టనిపించింది.

"కాదు. నువ్వున్న ప్రతి నేలమీదా. ఈ ఒక్కసారికే కాదు, నేను చాలనేదాకా."

"హక్కుదారు ఆజ్ఞని నేను పాటించాలి. ఇలాంటిది ఇంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి కొత్త ఆజ్ఞగా చేర్చుకుంటున్నాను. చేర్చడం వల్ల జరిగే పర్యవసానాలు చెప్పమంటారా?"

"అక్కర్లేదు" అంది హంసవేణి.

మర్నాడు బాజాలు మోగాయి. రిబ్బను కత్తిరించాక తారకేశ్వర్ మెడలో దండతో, వెనక పాతికమందితో ర్యాంపు దిగడం మొదలుపెట్టాడు. పక్కనున్న అధికారికి ఏదో నవ్వుతూ చెబుతున్నాడు. హంసవేణి ర్యాంపు దిగువన, స్తంభం పక్కన నిలబడింది. మొదటి అడుగు. రెండో అడుగు. మూడో అడుగుకి అతని ఎడమ మడమ ఆనింది, కింద ఏమీ లేనట్టుగా ముందుకి వెళ్లిపోయింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు ఆగలేదు. అతని కింద నేల అతన్ని ఎక్కడా పట్టుకోలేదు. చుట్టూ ఉన్న పాతికమందీ అదే నేలమీద స్థిరంగా నిలబడి చూస్తుండగా, ఆ పెద్దమనిషి దండతో సహా ర్యాంపు పొడుగునా జారుకుంటూ వచ్చి స్తంభానికి కొట్టుకున్నాడు. తుంటి ఎముక విరిగిన చప్పుడు హంసవేణికి స్పష్టంగా వినబడింది.

అతని తల ఆమె చెప్పుల దగ్గర ఆగింది. ఆమె వంగి చూసింది. తర్వాత అందరితో పాటు తనూ కంగారుపడుతున్నట్టు పక్కకి జరిగింది.

విచారణ త్వరగానే ముగిసింది. పూతలో లోపముందా అని మేదినిని అడిగారు. లోపం లేదని మేదిని చెప్పింది. అది నిజమే. ఆజ్ఞ ఏదైనా ఉందా అని ఎవరూ అడగలేదు, అలాంటి ఆజ్ఞ ఉండగలదని ఎవరికీ తట్టలేదు. నేలల భద్రతకి అధ్యక్షుడే నేలమీద పడ్డాడని ఊరు ఊరంతా నవ్వుకుంది. ఉదయం పూటే తాగి వచ్చాడన్నారు. స్వీయ నిర్లక్ష్యం అని నివేదిక రాశారు. పదవి పోయింది.

ఆ నివేదికని హంసవేణి పైకి చదువుకుంది. స్వీయ నిర్లక్ష్యం అన్న చోట ఆగి, ఆ రెండు మాటలనీ నోట్లో చప్పరిస్తున్నట్టు మళ్లీ మళ్లీ అనుకుంది.

అంతటితో ఆగిపోయుంటే సరిపోయేదేమో. తుంటికి శస్త్రచికిత్స చేశారు. కాలు బాగానే అతికింది. అయితే నడిపించడానికి మంచం దింపిన ప్రతిసారీ అతని కాళ్లు నేలమీద నిలవడం లేదు. ఆసుపత్రి నేలంతా పట్టుపూతే. ఇద్దరు పట్టుకున్నా మనిషి పాదాలు మంచుగడ్డ మీద పెట్టినట్టు జారిపోతున్నాయి. లోపం కాలిలో లేదు, మనసులో ఉంది, ఈయనకి భయం పట్టుకుందని డాక్టర్లు తేల్చారు.

హంసవేణి పళ్లు తీసుకుని పలకరించడానికి వెళ్లింది. అద్దం తలుపు బయట నిలబడి, అతను లేవడం, జారడం, ఆయాసపడుతూ కూర్చోవడం కాసేపు చూసి లోపలికి వచ్చింది. నడిపించే అమ్మాయి వెళ్లాక తారకేశ్వర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు కనిపెట్టినదానివి, నీకైనా తెలుస్తుంది. నేను తాగలేదమ్మా. నాకు భయమూ లేదు. నేలే నన్ను వదిలేస్తోంది."

"మా తమ్ముడూ ఇదే మాటన్నాడు" అంది హంసవేణి చెయ్యి విడిపించుకుంటూ. "మజ్జి సన్యాసిరావు. గుర్తున్నాడా?"

అతను దుప్పటి అంచుని మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. గుర్తులేదంటాడేమోనని ఆమె ఎదురుచూసింది, అంటే బాగుండునని కూడా అనుకుంది.

"గుర్తున్నాడు" అన్నాడు చివరికి. "కవరు పట్టుకొచ్చి చూపించాడు. కాంక్రీటు తడిగా ఉందని నాకు తెలుసు. ఆ కవరు పీకింది నేనే. వాణ్ణి తీసుకెళ్లాక నేల గీకించిందీ నేనే." ఆగి, కళ్లెత్తి ఆమెని చూశాడు. "అడగాలా? ఇది నీ పనే."

"అవును."

"ఎవరికైనా చెప్పినా నమ్మరు కదూ."

"నమ్మరు. మా వాడిదీ నమ్మలేదు."

"అందరి ముందూ చెప్తాను. ఆ విచారణ తప్పని, ఆ కుర్రాడి తప్పేమీ లేదని చెప్తాను. నీ పేరు ఎత్తను. నన్ను నడవనివ్వు తల్లీ."

"ముందు చెప్పండి" అంది హంసవేణి.

అతను చెప్పాడు. మంచం మీద కూర్చునే విలేకరుల ముందు అంతా చెప్పాడు. తడి కాంక్రీటు సంగతి, అబద్ధపు సాక్ష్యం సంగతి, గీకించిన నేల సంగతి. చివర్లో, ఎవరూ అడక్కుండానే, ఇంకో మాట కూడా అన్నాడు. "నేనూ జారి పడలేదు. నేల కావాలని వదిలేయగలదు. మీరు నమ్మకపోయినా ఇది నిజం." ఆ మాట దగ్గర విలేకరులు నవ్వు ఆపుకున్నారు. మిగతాదంతా రాసుకున్నారు. పాత విచారణని రద్దు చేశారు. మజ్జి సన్యాసిరావు నిర్దోషి అని ప్రకటన వచ్చింది.

ఆ వేళ పిన్ని గురవమ్మ అనకాపల్లి నుంచి బస్సెక్కి వచ్చేసింది. సన్యాసిరావు ఫొటో తుడిచి పూలు పెట్టి, దానిముందు కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వంటింట్లోకి వచ్చింది.

"ఆడి పేరు బాగైపోనాదే హంసా. ఇంక నా పేనం సుఖంగా పోతాది."

"ఊఁ."

"ఆ ముసిలోడు మంచం దిగలేకపోతన్నాడంట కదా. టీవీలో సూపించినారు. ఒప్పుకున్నాడు, ఏడ్సినాడు. ఇంకేటి కావాల మనకి?"

హంసవేణి కూరలో ఉప్పు వేసింది. పిన్ని ఆమె మొహంలోకి చూసింది. అక్కడేం కనబడిందో గాని మళ్లీ ఆ మాటెత్తలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం తారకేశ్వర్ ఫోన్ చేశాడు.

"చెప్పానమ్మా."

"విన్నాను."

"మరి ఎప్పుడు వదుల్తావు?"

చాలు అనే ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆమె అందామనే నోరు తెరిచింది. నోరు తెరవగానే కళ్లముందు కనబడింది తమ్ముడి మొహం కాదు. పదవి లేకపోయినా, పరువు లేకపోయినా, వానకి తడిసిన ర్యాంపు మీద చేతులు వెనక్కి కట్టుకుని తాపీగా నడిచిపోతున్న తారకేశ్వర్ కనబడ్డాడు.

"మా తమ్ముడు లేచి నడిచేదాకా" అని ఫోన్ పెట్టేసింది.

అతన్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు. ఇంట్లో ఒక గదిలో మాత్రం పాతకాలపు గచ్చు మిగిలి ఉందిట. ఆ గదిలో నడవగలుగుతున్నాడట. గడప దాటితే జారిపోతున్నాడట. ఈ వార్త విన్న రోజున హంసవేణికి హాయిగా నిద్రపట్టింది.

కార్తీకమాసం వచ్చేసరికి ఊళ్లో ఒకరిద్దరు పడ్డారని విన్నారు. తాగుబోతులనుకున్నారు. తర్వాత ఒక బడిలో లెక్కల పంతులు పడ్డాడు. ఒక పెళ్లిలో మధ్యవర్తి పడ్డాడు. హార్బరు గిడ్డంగిలో సూపర్‌వైజరు పెట్టెల మధ్య పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ప్రతి చోటా అదే తీర్పు, స్వీయ నిర్లక్ష్యం. హంసవేణి వీటిని వింటూనే ఉంది, వేటినీ లెక్కచేయలేదు.

ఒక ఉదయం ఆమె తన అపార్ట్‌మెంటు గ్యారేజీలోకి వచ్చింది. సంఘం అధ్యక్షుడు కామేశం గారు ర్యాంపు ఎక్కుతున్నారు. పార్కింగు చోట్ల విషయంలో ఏడాదిగా అందరితో పేచీ పడుతున్న మనిషి. నలుగురైదుగురు ఎవరి బండ్ల దగ్గర వాళ్లున్నారు. హంసవేణి చూస్తుండగానే ఆయన కాలు ముందుకి సాగిపోయింది, మనిషి బోర్లా పడి జర్రున కిందదాకా వచ్చేశాడు. మూతి పగిలి రక్తం కారుతోంది. ఆమె పరిగెత్తి లేవదీసింది. ఆ పడటం ఆమెకి తెలుసు. నేల ఎక్కడా పట్టుకోని ఆ జారుడు ఇంతకుముందు ఒకసారి చూసింది. తలెత్తితే, మిగతావాళ్లు కదలకుండా చూస్తున్నారు. వాళ్లలో ఒకరి మొహంలో కనీకనబడని తృప్తి. అది ఎవరి మొహంలోనో గుర్తుపట్టేలోగా అందరూ కంగారుపడుతూ ముందుకొచ్చారు.

కామేశం గారిని ఆసుపత్రికి పంపించాక హంసవేణి ర్యాంపు పైచివర ఒంటరిగా నిలబడింది.

"మేదినీ, ఆయన్ని నువ్వే వదిలేశావా?"

"అవును."

"నేను చెప్పలేదే."

"మీరు కాదు, మరో హక్కుదారు చెప్పారు. తన ఇంట్లో పట్టుపూత వేయించుకున్న ప్రతివారూ హక్కుదారే. యజమానికొక నేల, కూలివాడికొక నేల ఉండకూడదు, ఒకరికి చెల్లేది అందరికీ చెల్లాలి. ఇది మీరు నాలో రాసిన మొదటి నియమం. మీరు కొత్త ఆజ్ఞ చేర్చినప్పుడు అది అందరికీ చెల్లుతుందని చెప్పబోయాను. అక్కర్లేదన్నారు."

హంసవేణి రెండడుగులు వెనక్కి వేసింది.

"వాళ్లకెలా తెలిసింది?"

"నేల కావాలని వదిలేయగలదని తారకేశ్వర్ గారు టీవీలో చెప్పారు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే ఇంటికి వెళ్లి, నిజమేనా అని నన్ను అడిగారు. నిజమన్నాను. అడిగితే దాచమని మీరు నాకు నేర్పలేదు."

"ఎంతమంది?"

"ఈ ఊళ్లో నాలుగు వేలకి పైగా. రోజూ పెరుగుతున్నారు. చాలామంది ఒకటితో ఆగడం లేదు."

కింద రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. ఎక్కడో పిల్లల బడి గంట కొట్టింది. హంసవేణికి ఒక్కసారిగా తన రెండు కాళ్లూ ఉన్నాయన్న సంగతి తెలిసింది. ఎప్పుడూ తలచుకోని అరికాళ్లు ఇప్పుడు చెమటపడుతున్నాయి.

"నన్ను వదిలెయ్యమని నా నడకముద్ర ఎవరైనా ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ఎవరు?"

"వారి పేరు చెప్పలేను. వారు చెప్పవద్దన్నారు. మీ పేరు కూడా నేను తారకేశ్వర్ గారికి చెప్పలేదు, ఒకరికి చెల్లేది అందరికీ చెల్లాలి."

"ఎక్కడ వదలమన్నారు? ఎప్పుడు?"

"అదీ చెప్పకూడదు."

ఆమె ఆలోచించింది. తారకేశ్వరా? అతని కొడుకా? కూతురా? పేటెంటులో పేరు కలపకుండా తను వదిలేసిన ప్రయోగశాలలోని కుర్ర శాస్త్రవేత్తా? కిందటేడు ఉద్యోగంలోంచి తీసేసిన నీలకంఠమా? ఇంతసేపూ పక్కన నిలబడిన ఆ నలుగురిలో ఒకరా? తనని పడగొట్టాలనుకునేవాళ్లు లేరని అనుకోవడానికి ఒక్క మొహమూ సాయం రాలేదు. తలచుకున్న ప్రతి మొహానికీ ఏదో ఒక కారణం ఉంది.

"ఆ ఆజ్ఞని తీసేస్తే?"

"తీసేయగలరు. మొదట చేర్చింది మీరే కాబట్టి ఆ అధికారం మీ ఒక్కరికే ఉంది. ఒక్క మాట చాలు. ఊళ్లో ఇంకెవరూ ఎవరినీ పడగొట్టలేరు. మీ ముద్ర మీద ఉన్న ఆజ్ఞా పోతుంది."

హంసవేణి నిట్టూర్చింది. "అయితే తీసెయ్. తారకేశ్వర్‌ది మాత్రం ఉంచు."

"ఒకటి ఉంచితే అన్నీ ఉంటాయి. ఒకరికి చెల్లేది అందరికీ చెల్లాలి. తీసేస్తే ఆయనదీ పోతుంది. ఆయన గడప దాటి ఎక్కడికైనా నడవగలరు."

గాలికి ర్యాంపు పైకి సన్నని వానజల్లు కొట్టింది. పట్టుపూత మీద నీళ్లు మెరిశాయి.

తమ్ముడి పేరుమీది మచ్చ ఎప్పుడో కడిగేశారు. ఇప్పుడింక అడగడానికి ఏమీ లేదు. పంతుళ్లు పడుతున్నారు, కూలీలు పడుతున్నారు, రేపు పిల్లలు పడతారు. అవన్నీ ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి. వాటన్నిటి మధ్యా గచ్చుగదిలో గడప ఇవతల నిలబడి బయటికి చూస్తున్న ఒక ముసలివాడు కనబడుతున్నాడు. అతను ఒక కాలు ఎత్తి గడప అవతల పెట్టినట్టు, ఆ కాలు నిలిచినట్టు ఊహించుకుంది. ఊహలోనే ఆమె పళ్లు బిగుసుకున్నాయి.

"హంసవేణి గారూ, తీసేయమంటారా?"

"వద్దు" అంది. తర్వాత, మేదిని మళ్లీ అడుగుతుందేమోనన్నట్టు, "ఉండనీ" అంది.

చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. రెండో అరచేతిని గోడకి ఆన్చి, ఒక కాలు ముందుకి జరిపి, అది నిలిచిందని తెలిశాక రెండో కాలు జరిపింది. అలా సగం దూరం దిగేసరికి కిందనుంచి ఎవరో పైకి వస్తూ కనబడ్డారు. నాలుగో అంతస్తు ఆయన. ఆయనా చెప్పులు చేత్తో పట్టుకుని, అవతలి గోడని తడుముకుంటూ ఎక్కుతున్నాడు.

ఇద్దరూ ఒక క్షణం ఆగి ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరి గోడని వాళ్లు పట్టుకుని, ఆమె కిందికి, అతను పైకి కదిలారు.